సాన్ మార్టిన్ గారి బీరువా

ఆ ఆదివారం పూజలో పాద్రే సెవెరో చెప్పిన ప్రసంగం మాలింగాప్ ఊరందరికీ తెగ నచ్చింది. ఎందుకు నచ్చదూ? ఎవరికి వారు అది పక్కవాళ్ల గురించే అనుకున్నారు మరి.

"ఇల్లు మీదే, పొలం మీదే, కాదనడం లేదు," అన్నాడు పాద్రే. మనిషి సన్నగా వెదురు కర్రలా ఉంటాడు గానీ గొంతు మాత్రం గట్టిది. "తాళంచెవి మీ మొల్లోనే పెట్టుకోండి. కానీ దేవుడు ఈ భూమ్మీద సరుకంతా అందరికీ కలిపి ఇచ్చాడు. మీ అవసరం తీరాక ఇంకా మిగిలింది చూశారూ, అది లేనివాడి వాటా. వాడికిచ్చి నేను దానం చేశానని మీసం మెలేయకండి. వాడిది వాడికి అప్పజెప్పారు, అంతే!"

బియ్యం మిల్లు ఆసామి తల తిప్పి పంచాయతీ పెద్ద వైపు అదోలా చూశాడు. పంచాయతీ పెద్ద చర్చి పైకప్పులో ఏదో వెతికాడు. చేపల బుట్టల దగ్గర కూర్చునే ఆడవాళ్లంతా ఒకళ్లనొకళ్లు మోచేతులతో పొడుచుకున్నారు. ముందు బల్ల మీద కూర్చున్న తిబాంగ్ మాత్రం విసనకర్ర విసురుకుంటూ, బాగా బుద్ధి చెప్పారు వీళ్లకి, అనుకుంది. ఆవిడ పూర్తి పేరు ప్రిమితీవా. అరవై ఎనిమిదేళ్ల మనిషి, పెళ్లి చేసుకోలేదు, కోపం ముక్కు మీదే ఉంటుంది. ఊరంతా "ఆలింగ్ తిబాంగ్" అని మర్యాదగా పిలుస్తారు, కాస్త దూరం నుంచే.

ఆ ప్రసంగం తనకి వర్తించదని ఆవిడ గట్టి నమ్మకం. వర్తించడానికి తన దగ్గరేముంది గనక? ఉన్నదంతా సాన్ మార్టిన్ గారిది!

అది నిజమే. ఊరి పునీతుడు సాన్ మార్టిన్ స్వరూపం ఉండేది చర్చిలో కాదు, తిబాంగ్ ఇంట్లోనే. పండుగ రోజు తేరెక్కి ఊరేగి, చర్చిలో పూజందుకుని, మళ్లీ ఇంటికే వచ్చేస్తాడు. ఆయనకి బట్టలు కుట్టడం, తొడగడం, మడతపెట్టడం ఆ ఇంటి ఆడవాళ్ల హక్కు. ముత్తవ్వ నుంచి అవ్వకి, అవ్వ నుంచి తల్లికి, తల్లి నుంచి తిబాంగ్‌కి వచ్చిన హక్కది. మేడ మీద నర్రా చెక్కతో చేసిన పెద్ద బీరువా ఉంది. దాని నిండా పునీతుడి శాలువాలే. ఎర్ర మఖమల్‌వి, ఆకుపచ్చవి, ఊదారంగువి, అంచుల్లో జరీ పువ్వులవి, గుర్రం తోక దాకా జారేంత పొడుగువి. ప్రతి దాని లోపలి పొరలో కుట్టినావిడ పేరు బంగారు దారంతో ఉంటుంది. ఆ పేరు పునీతుడి వీపుకి ఆనుకుని ఉంటుంది గనక ఇంకెవరికీ కనిపించదు. దేవుడికి తెలిస్తే చాలదూ అనేది తిబాంగ్ వాళ్లమ్మ. అంటూనే పేరు రెండు జానల పొడుగున కుట్టేది.

ఇక స్వరూపం సంగతి. గుర్రం మీద పునీతుడు కూర్చుని ఉంటాడు. చేతిలో కత్తి. ఆ కత్తితో తన శాలువాని రెండుగా కోస్తుంటాడు, కింద గుర్రం కాళ్ల దగ్గర చెయ్యి చాపి నిలబడ్డ బిచ్చగాడికి ఇవ్వడానికి. చలికాలంలో దారిన వణుకుతున్న వాడిని చూసి, ఉన్న ఒక్క శాలువా చీల్చి సగం ఇచ్చాడట సాన్ మార్టిన్. ఆ బిచ్చగాడు కూడా చెక్క బొమ్మే. వాడికి మాత్రం తిబాంగ్ అవ్వ కాలం నుంచీ అదే గోనెగుడ్డ. పోయినేడు కొత్తగా వచ్చిన పాద్రే సెవెరో ఏదో మాట వరసకి, "వీడికీ ఒక జత కుట్టకూడదా ఆలింగ్ తిబాంగ్?" అని అడిగితే ఆవిడ కళ్లెర్రజేసింది.

"మారు బట్ట ఉంటే వాడు బిచ్చగాడెలా అవుతాడు పాద్రే?" అంది.



ఈ ఏడు తిబాంగ్ గుండె నిండా ఒకటే ఆశ. బీరువాలో ఉన్న వాటిల్లో ఆవిడ చేత్తో కుట్టింది ఒక్కటీ లేదు. వాళ్లమ్మ తొంభై దాటి బతికింది, బతికినంత కాలం సూది ఎవరి చేతికీ ఇవ్వలేదు. తిబాంగ్ పని దారం ఎక్కించి ఇవ్వడం, అంతే. అమ్మ పోయాక ఎర్ర మఖమల్ తెచ్చుకుని మొదలుపెట్టింది. మూడేళ్లు కుట్టింది. వరికంకులు, బాతులు, ఏటి అలలు, అన్నీ జరీలో తేలాయి. ఈలోగా ఎడమ కంటికి శుక్లం ముదిరింది, కుడి కన్ను కూడా అదే దారి పట్టిందని డాక్టరు చెప్పాడు. ఇంకొకటి కుట్టే యోగం లేదని ఆవిడకి తెలుసు. లోపలి పొరలో "ప్రిమితీవా చేత్తో" అని పేరు కుట్టేసరికి కళ్లు ధారలు కట్టాయి. పండుగ రోజు పునీతుడు దాన్ని కప్పుకుని ఊరంతా తిరగాలి. పిల్లలు లేరు, జెల్లలు లేరు, ఈ లోకంలో తను ఉండి వెళ్లిందనడానికి ఆ శాలువా ఒక్కటే గుర్తు. దాన్ని బీరువాలో కూడా పెట్టలేదు, మంచం కింద రేకు పెట్టెలో దాచింది.

పండుగకి వారం ముందు తుఫాను వచ్చింది.

మాలింగాప్‌కి తుఫాను కొత్త కాదు. ఏరు పొంగితే వీధిలో వాళ్లంతా మూటలు నెత్తిన పెట్టుకుని తిబాంగ్ ఇంటికి రావడమూ కొత్త కాదు. కింద రాయి, పైన చెక్క, ఆ వీధిలో మేడ ఉన్న ఇల్లు అదొక్కటే. రావద్దని ఎవరూ అనరు, రమ్మని తిబాంగ్ ఎప్పుడూ అనలేదు. మెట్ల పైన చేతులు నడుముకి పెట్టుకుని నిలబడి తిడుతూ ఉంటుంది, వాళ్లు తిట్లు తింటూ ఎక్కుతూ ఉంటారు. అదీ ఆనవాయితీ.

ఈసారి నీళ్లు మధ్యాహ్నం అన్నం వేళకే వాకిట్లోకి వచ్చేశాయి. కింద కొట్టంలో తేరు మీద, శాలువా ఒక్కటి తప్ప అన్నీ పెట్టుకుని, పండుగకి సిద్ధంగా పునీతుడు ఉన్నాడు.

"సుసమర్యోసెప్!" అని కేకేసింది తిబాంగ్. యేసునీ మరియనీ యోసేపునీ ఒకే గుక్కలో పిలవడం ఆ ఊళ్లో పెద్ద ఆపదలకే. "ముందు ఆయన్ని ఎత్తండి! తల జాగ్రత్త! గుర్రం తోక, తోక! ఆ తోక నిజం వెంట్రుకలు, దున్నపోతుల్లారా! కత్తి ఎవడి దగ్గరుంది?"

నలుగురు మగాళ్లు మోకాలి లోతు నీళ్లలో పునీతుడిని దించారు, ఆరుగురు గుర్రాన్ని మోశారు. కత్తి వేరే వచ్చింది, కిరీటం వేరే వచ్చింది, తేరుకి కట్టిన కాగితం పూలు కూడా ఎవరో భద్రంగా తెచ్చారు. మేడ మీద భోజనాల బల్లని గోడకి జరిపి దాని మీద పునీతుడిని మళ్లీ గుర్రమెక్కించి, కత్తి చేతికిచ్చి నిలబెట్టాక గానీ తిబాంగ్ ఊపిరి పీల్చుకోలేదు. అప్పుడు చూసుకుంది, మెట్ల నిండా జనం.

"కాళ్లు కడుక్కుని ఎక్కండి! మొన్ననే నేల తోమించాను!"

"కడుక్కునే వస్తున్నాం తిబాంగ్," అని కింద నుంచి ఓ గొంతు పలికింది. "ఏరు నడుం దాకా తోమేసింది."

అది దెన్సియో, పెద్దరికానికి ఊళ్లో "మాంగ్ దెన్సియో" అంటారు. ఏటి ఒడ్డున బాతులు పెంచే ముసలాడు, తిబాంగ్‌తో కలిసి ఒకే బళ్లో చదివినవాడు, అప్పటి నుంచీ ఆవిడని ఉడికించడమే పనిగా పెట్టుకున్నవాడు. పెళ్లాం పోయి చాలా ఏళ్లయింది. ఊపిరి గట్టిది కాదు, చలికాలం వస్తే దగ్గు. అయినా నోరు మూతపడదు. ఇప్పుడు నెత్తి మీద పెద్ద బుట్ట పెట్టుకుని ఉన్నాడు. బుట్టలోంచి క్వాక్ క్వాక్ మంటూ గొడవ.

"మనుషులకే చోటు లేదురా దేవుడా అంటే బాతులా! దించు! కిందే దించు!"

"అవీ దేవుడి బిడ్డలే తిబాంగ్. పైగా గుడ్లు పెట్టే బిడ్డలు. ఇక్కడ ఉన్నవాళ్లలో ఇంకెవరైనా పెడతారేమో అడిగి చూడు."

మెట్ల మీద ఉన్నవాళ్లంతా ఘొల్లుమన్నారు. తిబాంగ్ అవతల ఎవరినో తిట్టడానికి తిరిగేలోపు బాతులు మేడెక్కి, ఆవిడ పడగ్గదిలోకి నడిచి, పరుపు మీద సర్దుకున్నాయి.

కాసేపటికి పడవ మీద పాద్రే సెవెరో వచ్చాడు. ఎవరు ఎక్కడ చిక్కుకున్నారో చూస్తూ తిరిగి, తనే పూర్తిగా తడిసి వచ్చాడు. ఆయన వెంట లుజ్వీ. చేపల బజారులో కూర్చునే పిల్ల, చంకలో నెలల బిడ్డ. మొగుడు సముద్రం మీద ఉన్నాడు, ఎప్పుడొస్తాడో తెలియదు.

సాయంత్రానికి గాలి ముదిరింది. ఉత్తరం వైపు కిటికీ తలుపొకటి ఊడి ఎగిరిపోయింది. వాన జల్లు సరాసరి గదిలోకే వస్తోంది. అందరి ఒంటి మీదా తడి బట్టలే, తెచ్చుకున్న మూటలూ తడే. తిబాంగ్ రాతి గుండె మనిషేం కాదు. పెద్ద గిన్నెలో అల్లం వేసి జావ కాచింది, తన దుప్పట్లు రెండూ తీసి ఇచ్చింది, కిటికీ తెరలు ఊడదీసి ఇచ్చింది, బల్ల మీది గుడ్డ ఇచ్చింది. తిట్టకుండా ఏదీ ఇవ్వలేదనుకోండి. అయినా చాలలేదు. లుజ్వీ బిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది. ముసలాళ్ల పళ్లు టకటకమంటున్నాయి.

పాద్రే సెవెరో కళ్లు మెల్లగా బీరువా మీదకి వెళ్లాయి. తిబాంగ్ అది గమనించి వెళ్లి బీరువాకి వీపు ఆనించి నిలబడింది.

"ఆలింగ్ తిబాంగ్..." అన్నాడు పాద్రే.

"తెలుసు మీరేం అనబోతున్నారో. అవి నావి కావు పాద్రే. నావైతే ఈపాటికి ఇచ్చేసేదాన్ని, ఒట్టు. సాన్ మార్టిన్ గారి సొత్తు. ఒకళ్ల సొత్తు ఎత్తి ఇంకొకళ్లకి ఇవ్వడానికి నేనెవర్ని? మీ ప్రసంగంలో అలా దొంగతనం చెయ్యమని చెప్పలేదే!"

పాద్రే ప్రసంగానికి గొంతు సవరించుకున్నాడు. ఆయన గొంతు సవరించుకుంటే అరగంటకి తక్కువ ఉండదు. కానీ దెన్సియో అంతసేపు ఆగలేదు.

"ఆయనవైతే ఆయన్నే అడిగితే పోలా? ఎక్కడికో వెళ్లక్కర్లేదు, ఇదిగో ఇక్కడే ఉన్నాడు!"

అందరూ బల్ల వైపు తిరిగారు. సాన్ మార్టిన్ గుర్రం మీద నిటారుగా కూర్చుని, చలికి వణికే వాడికి శాలువా కోసి ఇవ్వడానికి కత్తి పైకెత్తి ఉన్నాడు. మీ ముత్తవ్వ నాటి నుంచీ నేను చేస్తున్న పని ఇదొక్కటేగా అన్నట్టు, ఆ నీలం గాజు కళ్లు సూటిగా తిబాంగ్‌నే చూస్తున్నాయి.

గదిలో ఎవరో ఆపుకోలేక ఫక్కుమన్నారు. తిబాంగ్ ముఖం కందగడ్డ అయింది. తన మాటే తన కాళ్లకి చుట్టుకుందని ఆవిడకి తెలిసిపోయింది.

"సగం!" అని అరిచింది. "ఆయన సగమే ఇచ్చాడు! మొత్తం ఇచ్చాడని ఎక్కడా లేదు! ఇచ్చాడా పాద్రే?"

"లేదు, సగమే," అని ఒప్పుకున్నాడు పాద్రే, కొంచెం వణుకుతూనే.

"ఆఁ! అదీ! సగానికి సగం ఇస్తాను. ఒక్కటి ఎక్కువ అడిగితే ఊరుకోను."

బీరువా తెరవగానే గుప్పున నాఫ్తలీన్ వాసన. ముందు వరసలో ఉన్నవాళ్లంతా హాచ్ హాచ్ మని తుమ్మారు. తిబాంగ్ ఒక్కో శాలువా తీసి, వంద జాగ్రత్తలు చెప్పి, ఒక్కొక్కళ్లకి కప్పింది. ఊదారంగుది మిల్లు ఆసామి తల్లికి. అవ్వ కుట్టిన ఎర్రది లుజ్వీకీ బిడ్డకీ కలిపి. మఖమల్ తగలగానే బిడ్డ ఏడుపు మానేసింది. అది చూసి తిబాంగ్ చెయ్యి ఆగలేదు. సగం అన్నది సగం దాటింది, ఆ తర్వాత లెక్కే లేదు. చూస్తుండగానే బీరువా ఖాళీ. ఆకుపచ్చ జరీ శాలువా కప్పుకుని పాద్రే సెవెరో ఊడిన కిటికీ దగ్గర నిలబడితే, కొత్తగా మెట్లెక్కి వచ్చిన ముసలావిడ ఒకతి మసక వెలుతురులో ఆయనే పునీతుడనుకుని మోకాళ్లేసింది. ఆవిడని లేపడానికి పాద్రే వంగాడు, కిరీటం ఏదని ఎవరో అడిగారు, మళ్లీ నవ్వులు. గది నిండా బిషప్పులు కూర్చుని జావ తాగుతున్నట్టు ఉంది.

"మీరు మనిషి కాదు ఆలింగ్ తిబాంగ్, దేవత!" అంది లుజ్వీ.

తిబాంగ్‌కి ఒళ్లు పులకరించింది. మంచం కింద రేకు పెట్టె గుర్తొచ్చింది గానీ దానికీ దీనికీ ఏం సంబంధం? అది ఇంకా సాన్ మార్టిన్ గారిది కాలేదుగా. పండుగ రోజు ఆయన భుజాన పడ్డాకే ఆయన సొత్తు. అప్పటిదాకా అది తనది, అచ్చంగా తనది. ఇంత చక్కటి న్యాయం తోచినందుకు ఆవిడకే ముచ్చటేసింది. గంట కిందట తనదేమీ లేదని చెప్పిన నోరు తనదేనని మాత్రం ఆ క్షణాన గుర్తురాలేదు.

"మాంగ్ దెన్సియో ఏడీ?" అని పాద్రే అడిగేదాకా ముసలాడు లేడని ఎవరూ చూసుకోలేదు. రెండో బుట్ట బాతులు గుడిసె దగ్గర ఉండిపోయాయని, కింది మెట్ల మీద ఉన్నవాళ్లు వారిస్తున్నా వినకుండా దిగి వెళ్లాడట. వెలుతురు పూర్తిగా పోకముందే మెట్ల మీద చప్పుడైంది. బుట్ట ముందు వచ్చింది, వెనకాల దెన్సియో. నెత్తి నుంచి అరికాలి దాకా నీళ్లు కారుతున్నాయి.

"బాతులు దొరికాయి," అన్నాడు రొప్పుతూ. "తిబాంగ్, నిన్నొకటి అడగాలి. మన బిచ్చగాడిని పైకి ఎవరు తెచ్చారు?"

తిబాంగ్ బల్ల వైపు చూసింది. పునీతుడున్నాడు, గుర్రం ఉంది, కత్తి, కిరీటం, కాగితం పూలు. గుర్రం కాళ్ల దగ్గర ఖాళీ.

"ఎవరూ తేలేదు కదూ? అదే అనుకున్నా. ఇందాక ఏట్లో నా పక్క నుంచే పోయాడు. వెల్లకిలా తేలుతూ, చెయ్యి ఇలా చాపి. పిలిచాను. ఆగలేదు. గోనెగుడ్డ కూడా లేదు పాపం."

జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. తిబాంగ్ నవ్వలేదు. తోక వెంట్రుకల కోసం అరిచిన అరుపులు ఆవిడ చెవుల్లోనే ఉన్నాయి. ఇన్నేళ్లలో వాడి ముఖం ఎలా ఉంటుందో ఒక్కసారి కూడా పరకాయించి చూడలేదని తట్టింది. గడ్డం ఉందా వాడికి? ఉన్నట్టే గుర్తు. ఖాయంగా చెప్పలేకపోయింది.

దెన్సియో గోడకి జారగిలబడి కూర్చున్నాడు. లుజ్వీ వేడి జావ పట్టుకొచ్చింది. చేతిలో గిన్నె నిలవలేదు, సగం ఒలికింది.

"ఏం మాంగ్ దెన్సియో, జావ మీకిష్టం లేదా?" అని ఎవరో ఆటపట్టించారు.

అతడు జవాబివ్వలేదు.

అప్పుడు భయం వేసింది తిబాంగ్‌కి. అరవయ్యేళ్లుగా ఆ మనిషి ఏ మాటకైనా జవాబివ్వకపోవడం ఆవిడ చూడలేదు. సొంత పెళ్లాం శవపేటిక పక్కన కూడా ఏదో అని అప్పటి పాద్రేని నవ్వించిన మనిషి. పెదాలు నల్లబడ్డాయి, దవడ కొట్టుకుంటోంది. లుజ్వీ తన శాలువా తీయబోయింది, లోపల బిడ్డ ఉంది. పాద్రే చటుక్కున ఆకుపచ్చది తీసి కప్పబోయి, పిండి చూస్తే నీళ్లు కారాయి. కిటికీ దగ్గర నిలబడి ఇంతసేపూ జల్లు ఆపింది ఆయన వీపే. మిగిలినవాళ్లవీ అంతే, ఒక్కోదాని కింద ముగ్గురేసి, తడిసి ముద్ద. ఇంట్లో పొడి గుడ్డ అన్నది లేదు.

ఒక్కటి తప్ప.

పాద్రే సెవెరోకి ఆ పెట్టె సంగతి తెలుసు. తెలిసీ ఈసారి గొంతు సవరించుకోలేదు. తిబాంగ్ వైపు చూడనైనా లేదు, దెన్సియో పాదాలు రుద్దుతూ కూర్చున్నాడు. ఆయన ఏదైనా అని ఉంటే బాగుండేది, ఎదురు చెప్పడానికి ఆవిడకి వీలుండేది.

తిబాంగ్ పడగ్గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. పరుపు మీద బాతులు పక్కకి జరిగాయి. మంచం కింద నుంచి పెట్టె లాగి, శాలువా ఒళ్లో పరచుకుంది. కంటికి సరిగా ఆనకపోయినా వేళ్లకి ప్రతి కుట్టూ తెలుసు. ఇది పోతే ఇంకేం లేదు. అమ్మ పేరుంటుంది, అవ్వ పేరుంటుంది, తన పేరు ఏ బీరువాలోనూ ఉండదు. "నాదొక్కటే కదా స్వామీ," అని పైకే అనేసింది, "నా చేతిది ఇదొక్కటే కదా!" ఏడుపొచ్చింది. ఏడ్చింది. బయట దగ్గు వినిపించింది, తర్వాత దగ్గు కూడా వినిపించలేదు. పెద్ద కత్తెర తీసుకుని లేచి వచ్చింది.

అందరూ చూస్తుండగా శాలువాని బల్ల మీద, పునీతుడి కాళ్ల ముందు పరిచింది. ఆ జరీ చూసి ఆడవాళ్లు "అమ్మో!" అన్నారు. మొదట అంచుగా పెట్టింది కత్తెర, జరీ అంతా పునీతుడి వైపు మిగిలేలా, వట్టి మఖమల్ దెన్సియోకి పోయేలా. ఒకసారి తలెత్తి పైకి చూసింది. ఆయన ఎత్తిన కత్తి సరిగ్గా కింద పరిచిన శాలువా నడి మధ్యకి గురిపెట్టి ఉంది, అంచుకి కాదు.

"సరే, సరే, చూశాను!" అని పునీతుడి మీద విసుక్కుని, కత్తెర నడి మధ్యకి జరిపి కోసేసింది. వరికంకుల్లోంచి, బాతుల్లోంచి, అలల్లోంచి. ఆవిడ కళ్లకి గీత ఎక్కడ నిలుస్తుంది? కోత వంకరగా పోయింది. పెద్ద ముక్క తీసుకెళ్లి దెన్సియోకి మెడ నుంచి కాళ్ల దాకా రెండు చుట్లు చుట్టి, పసివాడిని కట్టినట్టు కట్టింది.

"చచ్చావంటే చంపేస్తాను," అంది.

చాలాసేపటికి ఆ మూటలోంచి సన్నగా మాటొచ్చింది. "సగం అన్నావు తిబాంగ్. ఇది ముప్పావు ఉంది."

తిబాంగ్ అక్కడే నేల మీద చతికిలబడి భోరుమంది. తిట్టిన తిట్టు తిట్టకుండా తిడుతూ ఏడ్చింది. పాద్రే ఆవిడకి జావ అందించాడు.

నీళ్లు తీశాక ఊరంతా బురద. తిబాంగ్ పరుపు మీద బాతులు గుడ్లు పెట్టాయి, కొన్ని ఆవిడ తలగడ కిందే దొరికాయి. ఉతికి ఆరేసిన శాలువాలు ఒకటొకటిగా తిరిగొచ్చాయి. రంగు దిగినవి దిగాయి, ముడుచుకుపోయినవి పోయాయి. బిచ్చగాడు మాత్రం ఎంత వెతికినా దొరకలేదు. ఏటి దిగువన ఏ ఊళ్లోనో చెయ్యి చాపుకుని నిలబడి ఉంటాడని జనం అనుకున్నారు.

పండుగ ముందు రోజు పెద్ద చిక్కొచ్చి పడింది. మిగిలిన ఎర్ర ముక్కనే పునీతుడికి తొడిగారు, అది ఒక భుజం మీంచి జారి మధ్యలోనే ఆగిపోయింది. అయినా బాగానే ఉంది, అప్పుడే కోసి ఇచ్చినట్టే ఉంది. కానీ ఎవరికి ఇచ్చినట్టు? కింద మనిషి లేడు. గాలికి దానం చేస్తున్నట్టుంది వ్యవహారం. తేరు చుట్టూ నలుగురూ నాలుగు సలహాలు చెప్పారు. పక్కూరి చర్చి నుంచి ఒక గొర్రెల కాపరిని అరువు తెద్దామన్నాడు మిల్లు ఆసామి. తిబాంగ్ ఎవరి మాటా వినకుండా గొడుగు పట్టుకుని ఏటి ఒడ్డుకి నడిచింది.

దెన్సియో జ్వరం తగ్గి గుడిసె ముందు బాతులకి మేత వేస్తున్నాడు. భుజాన ఎర్ర మఖమల్.

"రేపు తేరెక్కాలి నువ్వు," అంది తిబాంగ్. "గుర్రం కాళ్ల దగ్గర. చెయ్యి చాపి నిలబడాలి. ఒక్క మాట మాట్లాడకూడదు."

"చెయ్యి చాపుతాను. మాట్లాడకుండా అంటేనే కష్టం."

"మాట్లాడావంటే దించేసి బాతుని పెడతాను."

మర్నాడు ఊరేగింపు. బ్యాండు ముందు నడిచింది, వెనకాల కొవ్వొత్తులు, వాటి వెనక తేరు. తేరు మలుపు తిరగ్గానే జనం ఒక్కసారిగా ఘొల్లుమన్నారు. దెన్సియో శాలువాని తిరగేసి కప్పుకున్నాడు. పైవైపున బాతులు చేసిన నిర్వాకం ఎంత ఉతికినా పోలేదు మరి. లోపలి పొర బయటికొచ్చింది, దాని మీద కొవ్వొత్తుల వెలుగులో రెండు జానల బంగారు అక్షరాలు, వంకర కోతలో ఒక్కటీ తెగకుండా బయటపడ్డవి. "ప్రిమితీవా చేత్తో." ఊరు ఊరంతా చదివింది. చదువు రానివాళ్లకి పక్కవాళ్లు చదివి వినిపించారు. చేపల బజారు ఆడవాళ్లు "ప్రిమితీవా! ప్రిమితీవా!" అని చప్పట్లు కొట్టారు. ఆవిడని ఆ పేరుతో పిలిచి ఎన్నేళ్లయిందో.

తిబాంగ్ తేరు పక్కనే పరుగెత్తింది. "తిప్పి కప్పుకోరా వెధవా! పరువు తీస్తున్నావు!"

పెదాలు కదపకుండా బిచ్చగాడు అన్నాడు. "తిప్పితే రెట్ట కనిపిస్తుంది. నీ పేరు చూడమంటావా, రెట్ట చూడమంటావా?"

తిబాంగ్ ముఖానికి విసనకర్ర అడ్డం పెట్టుకుని నడిచింది. విసనకర్ర వెనకాల ఏం చేసిందో లుజ్వీ ఒక్కతే చూసింది, ఎవరికీ చెప్పలేదు.

పూజ అయ్యాక పునీతుడు మేడెక్కాడు. పండుగ బట్టలన్నీ ఆ సాయంత్రమే బీరువాలోకి చేరాలి, అది ఆ ఇంటి పద్ధతి. దెన్సియో శాలువాని మడిచి, రెండు చేతులా పట్టుకుని తిబాంగ్ ముందు పెట్టాడు. తిబాంగ్ దాన్ని విప్పింది, తన పేరు మీద ఒకసారి వేళ్లు పోనిచ్చింది, తిరిగి అతడి భుజాన వేసింది.

"పట్టుకుపో. నాది కాదది."

"మరెవరిది? సాన్ మార్టిన్ గారిదా?"

"కాదు. నీదే. ఆ రోజు నువ్వు మెట్లెక్కి వచ్చినప్పటి నుంచీ నీదే. అప్పజెప్పడమే నేను ఆలస్యం చేశాను."

దెన్సియోకి ఏమనాలో తెలియలేదు. ఇది రెండోసారి. మెట్ల వైపు నాలుగడుగులు వేశాడు.

"ఆగు," అంది తిబాంగ్, గొంతు సవరించుకుని. "నా పరుపు మీద పెట్టిన గుడ్లు మాత్రం నావి. నా పరుపు, నా తలగడ."

దెన్సియో వెనక్కి తిరిగి, గుర్రం కాళ్ల దగ్గర నిలబడ్డట్టే నిలబడి, చెయ్యి చాపాడు.

"సగం," అన్నాడు.